ముందుపళ్లు

మొగిలి కనుమ ఎక్కే బస్సులో
ఎడమ పక్క కిటికీ దొరికితే కనిపిస్తాది
సింగప్ప నాయడి దుర్గం.
ఇప్పుడక్కడ గోడ లేదు, బురుజు లేదు.
సీతాఫలం పొదలు, ఒక సెల్ టవరు.
చూపించి మా జేజి ఎప్పుడూ ఒకటే అనేది:
"వాడు చెవుడు కొనుక్కున్నాడమ్మే, వెలపెట్టి."

పుల్లరి మీద పుల్లరి వేసినాడంట.
మేకకొకటి, మేకపిల్లకొకటి,
ఈనబోయే మేకకు రెండు.
కురవలు ఏమీ అనలేదు.
ఒక ఈల మాత్రం కట్టినారు.
నాయడి కుంటిగుర్రం నడకే దాని వరస,
మూడు దెబ్బలు, ఒక ఈడ్పు.
ఈ గుట్ట మీద ఒకడు మొదలుపెడితే
ఆ గుట్ట మీద ఇంకొకడు అందుకునేవాడు.
పొద్దు గూకేలోగా దుర్గం చుట్టూ
కుంటుకుంటా తిరిగొచ్చేది గుర్రం.

పాటైతే మాటలుంటాయి,
మాటలుంటే నాలుక్కి శిక్ష రాయొచ్చు.
ఈలలో ఏముంది? గాలి.
కరణం మూడు దినాలు తాటాకు ముందేసుకుని
గంటం కదపలేక కూర్చున్నాడంట,
నేరం పేరేమని రాయాల?

నాలుగోనాడు కమ్మరి ఓబులాచారికి పిలుపొచ్చింది.
పట్టకారు తెచ్చుకోమన్నారు.
పైన రెండు, కింద రెండు,
మనిషికి నాలుగు.
"లెక్క తప్పకుండా పీకినాడు పాపం,
ఆ రాత్రి ఇంటికిబోయి కూడు ముట్టలేదు"
అనేది జేజి,
ఓబులాచారి మా పక్కింటాయనైనట్టు.

గుట్టలు సద్దుమణిగినాయి.
నాయడు చాన్నాళ్లకి కంటినిండా నిద్రపోయినాడు.
వేగులోళ్లు దినామూ వొచ్చి చెప్పేది ఒకటే:
"అంతా నెమ్మదిగా ఉండాది దొరా."
అబద్ధం కాదది.
కోట మీదినుంచి చెవొగ్గి వింటే
భయమూ విశ్వాసమూ ఒకే మాదిరి వినపడతాయి.

చిరుతొచ్చి కోటమందలో దూడనెత్తకపోయింది.
చూసినోళ్లున్నారు. ఈల లేదు.
గడ్డివాముల పక్కకి కార్చిచ్చు దిగింది.
ఈల లేదు.
నాయడు కాపలా బంట్లను కొరడాలతో కొట్టించినాడు.
చూసింది చెప్పనందుకు దెబ్బలు పడినాక
వాళ్లు చూసేదే మానుకున్నారు.

ఆ ఏడు ఉలవలు కోసే కాలంలో
ఆర్కాటు దిక్కునుంచి గుర్రాలొచ్చినాయి,
గిట్టలకు గోనెపట్టాలు చుట్టుకుని.
కనుమ మలుపులో గొంగడి కప్పుకుని
కెంచప్ప మేలుకునే ఉన్నాడు.
లెక్క కూడా పెట్టినాడు, నూటపన్నెండు.
ముప్పై ఏండ్ల అలవాటు కదా,
రెండు వేళ్లు వాటికవే నోట్లోకి పోయినాయి.
ఊదినాడు.
గాలొచ్చింది.
మేకపిల్లొకటి చెవి తిప్పి చూసింది, అంతే.

నిజంగా ఊదినాడా జేజీ,
లేకపోతే ఊదినట్టు చేసినాడా?
ఆ మాటడిగితే
వక్క నముల్తా కిటికీలోకి చూసేది.

తెల్లారి నాయడికి గొలుసులేసి కిందికి దింపతా ఉంటే
దావ పక్కన నిలబడిన కురవల్ని చూసి అరిచినాడంట:
"ఒక్కడు, ఒరే, మీలో ఒక్కడన్నా ఈలెయ్యలేదే!"
కెంచప్ప నాలుగడుగులు ముందుకుపోయి,
మర్యాదగా గొంగడి తీసి చంకన పెట్టుకుని,
నోరు తెరిచినాడు.

కొత్తగా వొచ్చినోళ్లు పుల్లరి తగ్గించలేదు.
ఈ మాట జేజి దాచేది కాదు,
గొంతు తగ్గించి చెప్పేది.

నాకిప్పుడు తవణంపల్లి దావలో
మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో పని.
లైను కాడ మాట్లాడితే దినం కూలి కోత
అని బోర్డు కట్టించినాడు మేనేజరు.
పోయిన వారం మునిలక్ష్మి
బెల్టు వాసనొస్తా ఉండాదని నోరు తెరిచి
కూలి పోగొట్టుకుంది.

నిన్న నాకూ వొచ్చింది,
రబ్బరు మాడే వాసన.
అద్దాల గదిలో ఆయన ఫోను చూసుకుంటా ఉండాడు.
లైను మీద నలభైమందిమి,
అందరికీ ముక్కులుండాయి.
తోతాపురి కాయలు వరసగా పోతానే ఉండాయి.
నేను మూసిన నోట్లో
నాలుకతో తడుముకున్నాను.
పైన రెండు, కింద రెండు.
ఉండాయి.